తేదీ రాయండి, దున్నేవాడి పేరూ రాయండి

ఒడిశా ప్రభుత్వ వ్యవసాయ, రైతు సాధికారత శాఖ పెద్దలకు,

నమస్కారం.

ఈ ఉత్తరం తెలుగులో ఎందుకు రాశారని మీ కార్యాలయంలో ఎవరైనా అడగవచ్చు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా మనిషి తన కష్టాన్ని అధికారికి విన్నవించుకోవచ్చు. మా అమ్మాయి ఒడియా బడిలో చదివింది. తనచేత ఒడియాలో రాయించగలను. కానీ ఇంట్లో పద్దు రాసేది నేను, లెక్క నాకు తెలుగులోనే నడుస్తుంది. నేను చెప్పబోయేదంతా ఆ పద్దుల పుస్తకంలోంచే వస్తుంది కాబట్టి ఆ భాషలోనే చెప్పనివ్వండి.

మాది గజపతి జిల్లా కాశీనగర్ సమితి (బ్లాకు), వంశధార గట్టున ఒక పల్లె. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరుపడ్డప్పుడు పర్లాకిమిడి జమీను రెండుగా చీలింది. మా మామగారి తండ్రి రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకుని తెల్లవారేసరికి ఒరిస్సాలో లేచాడని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. పొలం గట్టు మాత్రం ఒక్క మూర కూడా జరగలేదు. నా పుట్టిల్లు అవతల పాతపట్నం వైపు. మా తమ్ముడు అక్కడ సాగు చేస్తాడు, మేము ఇక్కడ చేస్తాం. ఒకే వాన, ఒకే తెగులు, రెండు ప్రభుత్వాలు. అందుకే పోలిక పెట్టకుండా ఉండలేను, ఏమీ అనుకోవద్దు.

మాకు సొంతంగా ఉన్నది ఎనభై సెంట్లు. అది కూడా కాలం చేసిన మా మామగారి పేరనే ఉంది. ఇంకో మూడు ఎకరాలు కౌలుకు చేస్తాం. ఆ మూడు ఎకరాలకూ మాకూ మధ్య కాగితం లేదు, మాటే ఉంది.

ముందు మీకు రావలసిన మెప్పు చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు. వరి అప్పుడప్పుడే ఈనుతోంది. గాలికి పడుకున్న చేను మీదికి ఏరు వచ్చింది. నీళ్లు తీసేశాక చేలో మిగిలినది ఇసుకా, కంపూ. ఆ నెల పద్దులో జమ వైపు పేజీ ఖాళీగా ఉంది. ఖర్చు వైపు పాత బాకీల వడ్డీ ఒక్కటే రాసి ఉంది, నూటికి నెలకు మూడు రూపాయల చొప్పున. మా ఆయన అప్పటికే సూరత్‌లో ఉన్న మా పెద్ద బావగారికి ఫోను చేసి మగ్గాల దగ్గర పని ఉందేమో కనుక్కున్నారు. గంజాం, గజపతి జిల్లాల మగవాళ్లకు సూరత్ దారి ఎవరూ చూపించనక్కరలేదు.

ఆ తరువాత వచ్చింది రైతుకు నగదు ఇచ్చే మీ కాలియా పథకం. అప్పటికి మామగారు బతికే ఉన్నారు. ఆయన ఖాతాలో 5,000 రూపాయలు పడ్డాయి. చిన్న, సన్నకారు రైతుకు ఐదు పంటకాలాల్లో మొత్తం 25,000, భూమి లేని వ్యవసాయ కుటుంబాలకు మేకలకో కోళ్లకో పుట్టగొడుగులకో 12,500, ఇదీ అప్పటి లెక్క. ఆ 5,000 ఎలా ఖర్చయిందో నా దగ్గర రాసి ఉంది. ఇంజను డీజిలు, వంగ నారు, మిరప నారు, రెండు బస్తాల ఎరువు, అమ్మాయి పుస్తకాలు, కిరాణా కొట్టు పాత బాకీలో సగం. అందులో ఒక్క పద్దు కూడా గొప్పది కాదు. కానీ ఆ ఏడు మా ఆయన సూరత్ వెళ్లలేదు. రైతుకు నగదు ఇస్తే తగలేస్తాడు అనే పెద్దమనుషులు ఎప్పుడైనా మా ఊరు వస్తే ఆ పేజీ చూపిస్తాను.

మరి ఇప్పుడు ఫిర్యాదు ఏమిటంటే, మొదటిది తేదీ.

కాలియా పోయి 2024 సెప్టెంబరులో సీఎం కిసాన్ వచ్చింది. ఏడాదికి 4,000, రెండు విడతలు: అక్షయ తృతీయకు ఒకటి, నువాఖాయికి ఒకటి. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000 మూడు విడతల్లో వస్తుంది. రెండూ అందే ఇంటికి ఏడాదికి 10,000. పండుగతో ముడిపెట్టడం మంచి ఆలోచనే. అక్షయ తృతీయ నాడు ఒడియా రైతులు తొలి గింజ చల్లుతారు, ఆ డబ్బు విత్తనానికి అందుతుంది. నువాఖాయి కొత్త బియ్యం పండుగ, ముఖ్యంగా పశ్చిమ ఒడిశా వారిది. మా వైపు ఆ నాటికి ఇంకా కొత్త బియ్యం రావు, చేను పచ్చగా నిలబడి ఉంటుంది. మాకు డబ్బు గొంతు మీదికి వచ్చేది ఆషాఢంలో. ఏరువాక పున్నమి దాటి ఆకుమడి ఎదిగి, దమ్ము పట్టించి, నాట్లు వేయించే రోజులు. మా ఇళ్లలో వాటిని ఉభాలు అంటాం. ఆ పది పదిహేను రోజుల్లో ట్రాక్టరుకూ కూలీలకూ చేతిలో చెల్లించాలి. కూలి మనిషిని నువాఖాయి దాకా ఆగమనలేం. అక్షయ తృతీయకు వచ్చిన 2,000 అప్పటికి ఖర్చైపోయి ఉంటుంది, కేంద్రం విడత ఏప్రిల్ నుంచి జులై లోపు ఏ రోజైనా రావచ్చు. షావుకారు పుస్తకంలో మా పేరు ఎక్కేది సరిగ్గా ఆ మధ్య కాలంలోనే.

మా తమ్ముడికి 2025 ఆగస్టు 2న ఆంధ్రలో అన్నదాత సుఖీభవ కింద ఒకేసారి 7,000 పడ్డాయి, రాష్ట్రం వాటా 5,000, కేంద్రం 2,000. ఏడాదికి రెండూ కలిపి 20,000 అన్నారు. ఇటువైపు వచ్చేదానికి రెట్టింపు. విని అసూయ పడ్డానన్నది దాచను. అయితే అంతకు ముందటి ఏడాది అక్కడ రాష్ట్రం వాటా అసలు పడలేదు. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, మధ్యలో ఒక ఖరీఫ్ గడిచిపోయింది. ఆ ఏడు మా తమ్ముడు మరదలి గాజులు బ్యాంకులో పెట్టాడు. కాబట్టి ఎవరు ఎక్కువ ఇస్తున్నారన్న పోటీ నేను పెట్టడం లేదు. ఫలానా తేదీకి ఫలానా మొత్తం పడుతుందని ముందే తెలిస్తే అప్పు ఎంత చేయాలో, ఎన్నాళ్లకు చేయాలో లెక్కేసుకోగలం. తేదీ తెలియని డబ్బు ఎంత పెద్దదైనా మా ఇంట్లో పాత బాకీ కిందే జమ అవుతుంది.

ఇక రెండోది, అసలైనది. పేరు.

2024 ఖరీఫ్ ధాన్యం నుంచి మీరు మద్దతు ధర మీద క్వింటాలుకు 800 రూపాయల పెట్టుబడి సాయం కలిపారు. అప్పటి మద్దతు ధర సాధారణ రకానికి 2,300, మీ 800తో 3,100. ఈ సంగతి విన్నరోజు మా ఆయన పొలం నుంచి వస్తూ మిఠాయి పొట్లం తెచ్చారు. తిండికీ విత్తనానికీ ఉంచుకుని, కౌలు కొలిచేసి, ఏటా ఇరవై క్వింటాళ్లు అమ్మగలిగితే ఆ 800 చొప్పున 16,000 వస్తుంది. సీఎం కిసాన్ నాలుగేళ్లలో ఇచ్చేది ఒక్క పంటలో. రైతు ఇంటిని నిలబెట్టే సాయం ఇప్పుడు ఖాతాలో పడే విడతల్లోంచి మండీ గేటు దగ్గరికి జరిగింది. ఈ మార్పు మీకు తెలిసే చేశారనుకుంటాను.

మండీ గేటు దగ్గర అడిగేది మాత్రం సొసైటీలో నమోదైన పేరు. భాగచాషీలు, అంటే పాలుకు సాగు చేసేవారు కూడా నమోదు కావచ్చు, భూమి యజమాని ఒప్పుకోలు కాగితం ఉంటే చాలు అంటారు. ఆ కాగితం కోసం మేము యజమాని ఇంటికి మూడుసార్లు వెళ్లాం. ఆయన చెడ్డవాడు కాదు. ఉద్యోగం చేసి విశాఖలో స్థిరపడ్డాడు, మా పిల్ల పెళ్లికి సాయం చేస్తానని కూడా అంటాడు. కానీ కాగితం అనేసరికి గొంతు మారుతుంది. ఒడిశా భూసంస్కరణల చట్టం 1960 నాటిది. వితంతువులు, మైనర్లు, అంగవైకల్యం ఉన్నవారు వంటి కొందరు తప్ప ఎవరూ పొలం కౌలుకు ఇవ్వకూడదని అందులో ఉంది. అలాంటప్పుడు “నేను ఇచ్చాను” అని సంతకం పెట్టడమంటే తప్పు ఒప్పుకోవడమేనని ఆయన భయం. రేపు ఆ కాగితం పట్టుకుని పొలం మాదేనంటామని ఇంకో భయం. దున్నేవాడికి భూమి దక్కాలని చేసిన చట్టం అరవై ఏళ్ల తరువాత దున్నేవాడి పేరు ఎక్కడా కనబడకుండా చేసింది.

సరే, ఆయన పేరు మీదే నమోదు చేయించి, ఆయన పేరు మీదే ధాన్యం పోశాం. డబ్బు ఆయన ఖాతాలో పడింది. 2,300 లెక్కన మాకు పంపించారు, ఆలస్యంగానైనా పైసా తగ్గించకుండా. 800 సంగతి మేము అడగలేదు, ఆయన ఎత్తలేదు. మరుసటి ఉగాదికి ఫోను చేసి “ధర పెరిగింది కదా” అన్నారు. ఎకరాకు పది బస్తాల కౌలు పన్నెండు అయింది. అంటే రైతుకని మీరిచ్చిన 800 ఒకసారి ఖాతాలో ఆగిపోయింది, ఇంకోసారి కౌలు కింద మా కళ్లంలోంచి బస్తాలు తీసుకుపోయింది. పథకం వచ్చాక మా పరిస్థితి అంతకు ముందుకన్నా ఎకరాకు రెండు బస్తాలు వెనక్కి వెళ్లింది. మీ నివేదికలో మాత్రం ఆ పొలం మద్దతు ధర అందిన పొలమే.

మండీలో తరుగు గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే, పత్రికల్లోనూ వస్తూనే ఉంది. తేమ 17 శాతం దాటలేదని యంత్రం చెప్పినా, తాలు ఉందని క్వింటాలుకు నాలుగైదు కిలోలు కోయడాన్ని కటనీ ఛటనీ అని ముద్దుగా పిలుస్తారు. ఒక ఏడాది ధాన్యం తెమ్మని మాకిచ్చిన టోకెను తేదీకి ముందు రోజు వాన పడింది. తేదీ దాటిపోయింది. ఆ రాత్రి ధాన్యం మీద పరదాలు కప్పి నేనూ మా అత్తగారూ కళ్లంలోనే పడుకున్నాం. చివరికి అడిగిన ధరకు వ్యాపారికి ఇచ్చాం. వాన తేదీ చూసుకుని కురవదు కాబట్టి టోకెను తేదీకి ఒక వారం అటూ ఇటూ వెసులుబాటు ఉంచితే మీకు పోయేదేమిటో నాకు అర్థం కాదు.

పేరు సంగతికి తిరిగి వస్తాను. 2007లో కేంద్రం ప్రకటించిన జాతీయ రైతు విధానంలో రైతు అంటే ఎవరో రాశారు. స్వామినాథన్ గారి కమిషన్ కసరత్తు తరువాత వచ్చిన పత్రం అది. సొంత భూమి ఉన్నవారితో పాటు కౌలుదారులు, పాలుకు చేసేవారు, వ్యవసాయ కూలీలు, పశువులూ చేపలూ పెంచేవారు, అందరూ అందులో రైతులే. అంత విశాలంగా రాసిన దేశమే పన్నెండేళ్లకు పీఎం కిసాన్ పెట్టి, 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి దస్తావేజులో పేరు ఉన్నవాడే రైతు అంది. మీ కాలియా ఆ విషయంలో మెరుగు. భాగచాషీలనూ, భూమి లేనివారినీ లెక్కలోకి తీసుకుంది. అనర్హులు కూడా కొందరు చొరబడ్డారు, వారి నుంచి డబ్బు రాబట్టే తంటా మీకే వచ్చింది. ఆ అనుభవం చూసి జాబితాను మళ్లీ పట్టా వెనక్కి ముడుచుకోకండి.

మా సొంత ఎనభై సెంట్ల కథా ఇలాంటిదే. మామగారు పోయాక ఆయన ఖాతాకు వచ్చే సాయం ఆగింది. అది న్యాయమే. అత్తగారి పేరుకు మారాలంటే పట్టా మారాలి, పట్టా మారాలంటే ముగ్గురు కొడుకుల సంతకాలు కావాలి. ఒకరు సూరత్, ఒకరు విశాఖ. ఇద్దరూ ఒకే వారంలో ఊళ్లో ఉన్నది మామగారి దినవారాలప్పుడే, ఆ రోజుల్లో పట్టా ఊసెత్తే ధైర్యం ఎవరికుంటుంది? డెబ్బై ఏళ్ల ఆవిడ ఇప్పటికీ నారు పీకుతుంది. ఏ జాబితాలోనూ ఆవిడ రైతు కాదు.

పరిష్కారం ఏమిటని మీరు అడిగితే నా మట్టి బుర్రకు తోచింది చెబుతాను. అవతలి వైపు రెండు చట్టాలు చేశారు. 2011 చట్టం కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది, యజమాని సంతకం అడగలేదు. 2019 చట్టం పదకొండు నెలల సాగు హక్కు పత్రం అంది, దానికి యజమాని సంతకం కావాలంది. సంతకం కోసం తిరిగి తిరిగి ఊరుకున్నవాళ్లు మా తమ్ముడి ఊళ్లోనే బోలెడు మంది. రెండోదాన్ని కాకుండా మొదటిదాన్ని చూడండి. మనకు పల్లిసభ ఉంది, ఊరి జనమంతా కూర్చునే సభ. ఏ పొలం ఎవరు దున్నుతున్నారో ఊళ్లో పిల్లవాడికి కూడా తెలుసు. నాట్లు అయ్యాక పల్లిసభలో ఆ పంటకాలానికి సాగుదారుల పేర్లు చదివి రాసుకోండి. ఇది ఈ పంటకే, దీనివల్ల భూమి మీద ఏ హక్కూ రాదు అని పైనే పెద్ద అక్షరాలతో అచ్చు వేయండి. మా యజమాని కూడా అది చదివి ఊపిరి పీల్చుకుంటాడు. ఆ జాబితాయే సొసైటీ నమోదుకు, బీమాకు, పంట రుణానికి ఆధారం కావాలి. ఒక లక్ష దాకా వడ్డీ లేని పంట రుణం మన రాష్ట్రంలో ఉంది. పట్టా లేనివారికి బలరామ్ పథకం కింద జట్టుగా అప్పు ఇస్తామని 2020లో అన్నారు కూడా. దారులు లేవని నేను అనను. ప్రతి దారి మొదట్లోనూ ఒకే తలుపు ఉంది, దాని తాళం విశాఖలో ఉంది.

ఇంత రాసి బీమా గురించి రాయకపోతే ఏరు ఒప్పుకోదు. 2023 ఖరీఫ్ నుంచి మన రాష్ట్రంలో రైతు ఒక్క రూపాయి కట్టి ఫసల్ బీమాలో చేరే వీలు కల్పించారు. మంచిదే, చేరాం కూడా. కానీ వరికి నష్టం లెక్క గ్రామ పంచాయతీ మొత్తానికి సగటు మీద కడతారు. వంశధార పొంగితే మునిగేది గట్టు కింది పొలాలు. మెట్టు మీది పొలాలకు ఆ వానే మేలు చేస్తుంది. సగటు తీస్తే మా పంచాయతీ ఏ ఏడూ మునగదు. విడిగా ఒక చేను మునిగితే ఇచ్చే పరిహారంలోంచి వరిని 2018లో తీసేశారు. నీళ్లలో పెరిగే పంట నీళ్లకు చెడుతుందా అని ఎవరో అనుకుని ఉంటారు. 2026 ఖరీఫ్ నుంచి వరి ముంపును మళ్లీ చేరుస్తామని 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. ఈ వార్త విని రెండుసార్లు చదివించుకున్నాను. ఇక చిక్కల్లా ఒకటే, నష్టం జరిగిన 72 గంటల్లో తెలియజేయాలి. ఏరు పొంగిన మూడు రోజులు మాకు కరెంటు ఉండదు, ఫోను చార్జింగు ఉండదు, చేను దాకా నడిచే దారే ఉండదు. యాప్‌లో ఫోటో పెట్టమంటే ఎవరు పెడతారు? ఊళ్లో రైతులకు సాయంగా మీరు పెట్టిన కృషక్ సాథీ గానీ, పంచాయతీ వారు గానీ ఊరంతటి తరఫున ఒకే కబురు ఇస్తే చెల్లేలా చూడండి. వానాకాలం రాకముందే చూడండి.

మీ దగ్గర నుంచి వచ్చే సందేశాలు ఒడియాలో ఉంటాయి. మా అమ్మాయి ఇంట్లో ఉన్నంత కాలం ఇబ్బంది లేదు. వచ్చే చదువుల ఏడాదికి బరంపురం పంపాలనుకుంటున్నాం. ఆ తరువాత టోకెను తేదీ ఏ రోజో చదివి చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. మా పేటలో సగం ఇళ్ల సంగతి ఇదే. సరిహద్దు సమితుల వరకైనా ఆ రెండు ముక్కలు తెలుగులో కూడా పంపగలిగితే చాలా మేలు.

ఉగాది వెళ్లింది. యజమాని ఈ నెలాఖరుకు వస్తానన్నాడు, కౌలు మాట మళ్లీ మొదలవుతుంది. ఈసారి పదమూడు అంటాడని మా ఆయన, అనడని నేను. విత్తనాలు ఆరబోసి చూశాను, మొలక బాగానే ఉంది.

ఈ ఉత్తరానికి జవాబు ఒడియాలో రాసినా పరవాలేదు, జులై దాకా మా అమ్మాయి ఇక్కడే ఉంటుంది. ఈ ఏడు పల్లిసభ ఏ తేదీన పెడతారో మాత్రం అందులో రాయండి.

ఇట్లు,
ఒక కౌలు రైతు ఇల్లాలు,
కాశీనగర్ సమితి, గజపతి జిల్లా